ఓరిగామి: వనరులు బోలెడు, చదవడం వచ్చినవాళ్లు కొందరే

జపాను భాషలో ఒక్క అక్షరం రాకపోయినా జపాను ఓరిగామి పుస్తకం ముందేసుకుని బొమ్మ మడవొచ్చు. వంటల పుస్తకంతో ఈ పని కాదు, కుట్టుపని పుస్తకంతోనూ కాదు. చిన్నచిన్న గీతల వరస కనిపిస్తే కాగితాన్ని మన వైపుకి మడవాలి. అది లోయ మడత. గీతకీ గీతకీ నడుమ చుక్కలుంటే వెనక్కి మడవాలి. అది కొండ మడత. బాణం ఎటు చూపిస్తే కాగితం అటు వెళ్తుంది. బాణం మెలిక తిరిగి ఉంటే బొమ్మనే బోర్లా తిప్పాలి. ఇలాంటి గుర్తులన్నీ కలిపినా ఒక పేజీలో పడతాయి. ఆ పేజీ వచ్చినవాళ్లు ప్రపంచంలో ఎక్కడ అచ్చయిన ఓరిగామి పుస్తకాన్నయినా ధైర్యంగా తెరవగలరు.

ఈ అభిరుచికి ఇప్పుడున్నన్ని వనరులు మునుపెన్నడూ లేవు. సంఘాలు, పత్రికలు, పుస్తకాలు, ఉచిత సాఫ్ట్‌వేర్లు, లెక్కలేనన్ని వీడియోలు. అయినా మన దగ్గర పడవ, కప్ప, కొంగ దాటి ముందుకు వెళ్లేవాళ్లు తక్కువ. కాగితం ఖరీదై కాదు, తీరిక లేకా కాదు. మొదట నేర్వాల్సిన ఆ ఒక్క పేజీని వదిలేసి నేరుగా బొమ్మ మీద పడుతున్నాం. కింద ఏ వనరు మంచిచెడ్డలు చెప్పినా నా కొలబద్ద ఇదే: అది మనిషికి చదవడం నేర్పుతోందా, లేక ఒక బొమ్మ చేయించి పంపేస్తోందా?

ఈ గుర్తులకు ఆద్యుడు అకిరా యోషిజావా. 1911లో తోచిగి ప్రాంతంలో పాడిరైతు ఇంట పుట్టాడు. చిన్న వయసులోనే టోక్యోలో ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. తర్వాత అక్కడే కింది ఉద్యోగులకు జ్యామితి చెప్పే బాధ్యత మీద పడితే, కాగితం మడిచి చెప్పాడు. 1937లో ఉద్యోగం మానేసి పూర్తిగా ఓరిగామిలో దిగాడు. అది కూడు పెట్టలేదు. ఇంటింటికీ తిరిగి తినుబండారాలు అమ్ముకుంటూ ఏళ్ల తరబడి లాక్కొచ్చాడు. 1952 జనవరి సంచిక కోసం అసాహి గ్రాఫ్ పత్రిక జపాను రాశిచక్రంలోని పన్నెండు జంతువుల్ని మడిచిపెట్టమని అడగడంతో ఆయన పేరు దేశానికి తెలిసింది. 1954లో తెచ్చిన పుస్తకంలో గీతలు, చుక్కలు, బాణాల పద్ధతిని వాడాడు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగింది. అమెరికాలో శామ్యూల్ రాండ్లెట్, ఇంగ్లండులో ఇంద్రజాలికుడు రాబర్ట్ హార్బిన్ అదే పద్ధతిని కొద్దిగా పెంచి తమ పుస్తకాల్లో వాడాక అది ప్రపంచానికంతటికీ ఒకటే లిపి అయిపోయింది.

దళసరి కాగితాన్ని కాస్త తడిపి, శిల్పంలా వంపులు తిప్పే పద్ధతి కూడా ఆయనదే. తాను 50,000కు పైగా బొమ్మలు కూర్చానని ఆయన అంచనా. వాటిలో గీతలుగా మారి పుస్తకాలకెక్కినవి కొన్ని వందలు మాత్రమే. మిగతావి ఎలా మడిచాడో తెలుసుకోవాలంటే ఆయన చేతులే దిక్కు, 2005లో ఆయనతోపాటే అవీ పోయాయి. రాయడం, చదవడం అంటే ఎందుకింత పట్టుబడుతున్నానో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

చరిత్ర విషయంలో అభిరుచి గలవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఓరిగామి వేల ఏళ్ల నాటిదని చాలా పుస్తకాలు మొదటి పేజీలోనే రాసేస్తాయి. చేతికి దొరికే ఆధారాలు అంత దూరం వెళ్లవు. సరదా కోసం మడిచే బొమ్మల మీద తెలిసిన తొలి పుస్తకంగా చెప్పేది 1797లో క్యోటోలో అచ్చయిన ‘హిదెన్ సెంబజురు ఒరికత’. అందులో 49 రకాల కొంగల గొలుసులున్నాయి. ఒకే కాగితాన్ని అక్కడక్కడా కత్తిరించి, విడిపోకుండా మూలల దగ్గర అతికి ఉన్న కొంగలు మడుస్తారు. కత్తెర పెడితే అది ఓరిగామి కాదని ఇవాళ వాదించేవాళ్లు ఈ పుస్తకాన్ని ఒకసారి చూడాలి. సడాకో ససాకి కథా అంతే. హిరోషిమా బాంబు పడినప్పుడు రెండేళ్ల పిల్ల, 1955లో ల్యుకేమియాతో చనిపోయింది. వెయ్యి కొంగలు మడవబోయి 644 దగ్గరే ఆగిపోయిందని ఎలినార్ కోర్ 1977 నాటి పిల్లల పుస్తకం రాసింది, మనమూ అదే నమ్మాం. వెయ్యి దాటి మడిచిందని ఆమె అన్న చెప్పాడు. కథ కోసం లెక్క తగ్గించారు.

ఇక సంఘాలు. న్యూయార్క్‌లో లిలియన్ ఓపెన్‌హైమర్ 1958లో ఓరిగామి సెంటర్ పెట్టింది. ఇప్పటి ఓరిగామి యూఎస్‌ఏ దాని వారసత్వమే. బ్రిటిష్ ఓరిగామి సొసైటీ 1967లో, నిప్పాన్ ఓరిగామి అసోసియేషన్ 1973లో మొదలయ్యాయి. స్పెయిన్‌లోని జరగోజా నగరంలో 2013లో ఓరిగామికి ఒక మ్యూజియమే తెరిచారు. ఓపెన్‌హైమర్ పుట్టినరోజు అక్టోబరు 24. జపానువాళ్ల ఓరిగామి దినం నవంబరు 11, అంటే నాలుగు ఒకట్లు, చతురస్రం నాలుగు భుజాలు. ఈ రెంటి నడుమ రోజుల్ని ప్రపంచ ఓరిగామి రోజులుగా జరుపుకుంటారు. మన బడుల్లో దసరా సెలవుల తర్వాత బాలల దినోత్సవం లోపు పడే రోజులవి; కార్యక్రమం పెట్టాలనుకునే మాస్టార్లకు అనువైన కాలం.

వీటన్నిటిలో గంభీరంగా సాధన చేసేవాళ్లు ఎక్కువగా చూసేది జపాన్ ఓరిగామి అకడమిక్ సొసైటీ వైపు. ‘తంతెయిదన్’ అనే వాళ్ల పత్రిక పేరుకు డిటెక్టివ్ దళం అని అర్థం. ఏటా ఆగస్టులో టోక్యోలో జరిగే సమ్మేళనంతో పాటు ఒక సంకలనం వేస్తారు. ఎన్నో దేశాల రూపకర్తల కొత్త బొమ్మలు అందులో గీతలతో సహా ఉంటాయి. ఖర్చు పెట్టదలచినవాళ్లకు నా సలహా: అందమైన అట్టలున్న పుస్తకాలు పది కొనేకంటే ఇలాంటి సంకలనం ఒకటి కొనండి. తేలిక నుంచి కఠినం దాకా ఒకేచోట దొరుకుతాయి. జపాను అక్షరాలకు భయపడక్కర్లేదని మొదటే చెప్పాను.

1980ల దాకా ఓరిగామిలో పురుగులు మడవడం గగనం. ఆరు కాళ్లు, రెండు మీసాలు, రెక్కలు; చతురస్రానికేమో మూలలు నాలుగే. అమెరికాలో రాబర్ట్ లాంగ్, జపాన్‌లో తోషియుకి మెగురో వేరువేరుగా ఈ చిక్కుముడి విప్పారు. బొమ్మకు కావాల్సిన ఒక్కో కాలు కొసకూ కాగితం మీద ఒక్కో వృత్తం గీయాలి. కాలు పొడుగెంతో వృత్తం వ్యాసార్ధం అంత. ఒకదాని మీదికి ఒకటి రాకుండా వృత్తాలన్నిటినీ చతురస్రంలో సర్దగలిగితే, ఆ కాళ్లన్నీ ఒకే కాగితంలోంచి కత్తెర లేకుండా పుట్టుకొస్తాయి. కొత్త బొమ్మ తట్టడం అదృష్టం మీద ఆధారపడే పని కాకుండా, లెక్క కట్టగలిగే పనయింది. 1990ల్లో రూపకర్తలు పోటీలు పడి పేడపురుగులు, కందిరీగలు, మిడతలు మడిచారు. భౌతికశాస్త్రవేత్త అయిన లాంగ్ నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో పనిచేసినవాడు. 2001లో ఉద్యోగ జీవితం వదిలి పూర్తికాలం ఓరిగామికి వచ్చాడు. వృత్తాల సర్దుబాటు చేసిపెట్టే ట్రీమేకర్ అనే ప్రోగ్రామును ఉచితంగా ఇచ్చాడు. ‘ఓరిగామి డిజైన్ సీక్రెట్స్’ 2003లో రాశాడు; 2011లో వచ్చిన రెండో ముద్రణ 700 పేజీలు దాటింది. సొంతంగా బొమ్మలు కూర్చాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన పుస్తకం లేదు, ఖరీదూ దానికి తగ్గట్టే ఉంటుంది. 2025 జనవరిలో కాలిఫోర్నియా ఈటన్ కార్చిచ్చులో ఆల్టడీనాలోని ఆయన స్టూడియో కాలిపోయింది. ఈమధ్య ఓరిగామి లోకాన్ని బాగా కలచిన వార్త అది.

ఈ విప్లవానికి ఒక దుష్ఫలితం కూడా ఉంది. బొమ్మలు కఠినమైన కొద్దీ అంచెలంచెలుగా గీతలు గీసే ఓపిక రూపకర్తలకు తగ్గింది. 200 అంచెల బొమ్మకు డయాగ్రమ్ గీయడం నెలల పని. అందుకని చాలామంది క్రీజ్ ప్యాటర్న్ ఒక్కటి ఇచ్చి ఊరుకుంటారు. బొమ్మను పూర్తిగా విప్పితే కాగితం మీద మిగిలే మడతల పటం అది. ఎక్కడ మడవాలో చెబుతుంది, ఏది ముందు ఏది వెనక అన్నది మనమే కనిపెట్టాలి. జపాను రూపకర్త సతోషి కమియా కూర్చిన ర్యూజిన్ అనే పొలుసుల డ్రాగన్‌ను చూసి మోజు పడి, తిన్నగా దాని పటం మీద కూర్చుని చేతులెత్తేసిన కుర్రాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఇలా కొత్తవాళ్లకూ నిపుణులకూ మధ్య మెట్లు ఊడిపోయాయి. నా దృష్టిలో ఓరిగామి ప్రచురణలో ఇప్పుడున్న అసలు లోటు ఇదే: అతి తేలిక పుస్తకాలు కొల్లలు, అతి కఠిన పటాలు కొల్లలు, నడిమి మెట్లు తక్కువ.

పటాలు అర్థం చేసుకోవడానికి మంచి ఉచిత పరికరాలున్నాయి. సుకుబా విశ్వవిద్యాలయానికి చెందిన జున్ మితాని తయారుచేసిన ఓరిపా, మనం గీసిన పటం మడిస్తే ఏ ఆకారమవుతుందో చూపిస్తుంది. అమాండా ఘసాయీ ఓరిగామి సిమ్యులేటర్ అయితే తెర మీదే కాగితం మడుచుకోవడం చూడొచ్చు. మడతలన్నీ ఒకేసారి కదులుతాయి కాబట్టి చేతితో ఏ వరసలో మడవాలో అది చెప్పదు. ఆ సంగతి తెలియక దాన్నే పాఠమనుకుంటే నిరాశే.

వీడియోల సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. వాటిని తిట్టడం తేలిక. లోపలికి నొక్కే మడతలు, మూడు వైపుల నుంచి ఒకేసారి కూడదీసే మడతలు గీతల్లో ఎంత చూసినా అంతుపట్టనప్పుడు, పది సెకన్ల వీడియో అరగంట తంటా తప్పిస్తుంది. జర్మనీ నుంచి సారా ఆడమ్స్, బ్రెజిల్ నుంచి జో నకాషిమా వంటివాళ్లు రూపకర్త పేరు చెప్పి, నిదానంగా, శుభ్రంగా నేర్పుతారు. అయితే వీడియో చూసి మడిచిన మనిషికి ఆ బొమ్మే వస్తుంది. ఇంకో బొమ్మకు ఇంకో వీడియో కావాలి. కేసెట్ విని కీర్తన పట్టుకోవడానికీ, స్వరం చూసి పాడటానికీ ఉన్న తేడా ఇది. రెండూ ఉండాలి, కానీ మొదటిది ఒక్కటే ఉంటే ఎప్పటికీ ఇంకొకరి వెనకే పాడాలి. కాబట్టి డయాగ్రమ్‌తో మొదలుపెట్టండి, చిక్కుకున్న అంచె దగ్గర మాత్రమే వీడియో తెరవండి, ఆ అంచె దాటగానే ఆపేయండి. ఈ క్రమశిక్షణ పాటించినవాళ్లు కొద్ది నెలల్లోనే వీడియో అవసరం తగ్గిపోవడం గమనిస్తారు.

హక్కుల గొడవ ఈ సరదా లోకానికి కొత్తేమీ కాదు. సారా మోరిస్ అనే చిత్రకారిణి ఓరిగామి పటాలకు రంగులు వేసి పెద్ద చిత్రాలుగా ప్రదర్శించింది. ఆ పటాల్లో తమవి ఉన్నాయంటూ లాంగ్‌తో సహా ఆరుగురు రూపకర్తలు 2011లో అమెరికా కోర్టుకెక్కారు. 2013లో రాజీ కుదిరింది. మడతల పటం అందరి సొత్తా, ఒక కళాకారుడి రచనా అన్న ప్రశ్నకు తీర్పు రాకుండానే ముగిసినా, రూపకర్త పేరు చెప్పడం కనీస మర్యాద అన్న స్పృహ మాత్రం పెరిగింది. మన దగ్గర ఆ స్పృహ ఇంకా రావాలి. స్కాన్ చేసిన పుస్తకాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, పేరు కత్తిరించిన బొమ్మలు చేతిపనుల ప్రదర్శనల్లో నిలబడతాయి. కొంగ, పడవ లాంటి పాత బొమ్మలు ఎవరివీ కావు, అందరివీ. కమియా డ్రాగన్ అలా కాదు. దీనికి తోడు కృత్రిమ మేధ గీసిన ‘ఓరిగామి’ చిత్రాలు వచ్చిపడుతున్నాయి. చూడటానికి నిగనిగలాడతాయి, అంచులు లెక్కపెడితే ఏ కాగితమూ అలా మడవబడదని తెలుస్తుంది. డయాగ్రమ్ గానీ రూపకర్త పేరు గానీ లేని బొమ్మను నమ్మకండి.

గణితం దగ్గర మన ప్రాంతానికి నిజమైన సంబంధం ఒకటుంది. 1893లో మద్రాసులో అడిసన్ కంపెనీ ‘జ్యామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్’ అనే పుస్తకం అచ్చువేసింది. రచయిత టి. సుందరరావు అనే ప్రభుత్వోద్యోగి. కోస్తా, రాయలసీమ అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కిండర్‌గార్టెన్ బడుల్లో పిల్లలకిచ్చే రంగు కాగితాల నుంచి ప్రేరణ పొంది, వృత్తలేఖిని లేకుండా మడతలతోనే బహుభుజులు, శ్రేఢులు, శంకుచ్ఛేదాలు చూపించాడు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించడంతో దాని పేరు దేశాలు దాటింది. 1901లో షికాగోలో అమెరికా ముద్రణ వచ్చింది. ఘనమూలాన్ని మడతలతో రాబట్టడం కుదరదన్న భావం అందులో ఉంది. 1936లో ఇటలీ గణితవేత్త మార్గరీటా బెలోక్ అది కుదురుతుందని నిరూపించింది: రెండు బిందువుల్ని ఒకేసారి రెండు సరళరేఖల మీదికి తెచ్చే ఒక్క మడతతో ఘన సమీకరణం సాధించొచ్చు. రూళ్లకర్ర, వృత్తలేఖిని చేయలేని పని కాగితం చేస్తుంది. సుందరరావు పుస్తకానికి హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరి సొమ్మూ కాజేయకుండా ఉచితంగా చదువుకోవచ్చు. మన ప్రాంతంలో పుట్టిన ఈ పుస్తకం తెలుగు బడుల్లో కనిపించకపోవడం నాకు మింగుడుపడదు.

లెక్కల మాస్టారు ఒక పీరియడ్‌లో చేయించగల పని ఒకటి చెబుతాను. కొంగను మడిచి పూర్తిగా విప్పండి. కాగితం మధ్యలో మడతలు కలిసే ఏ బిందువు దగ్గరైనా, చదునుగా మడిచిన దశలో కొండ మడతలెన్నో లోయ మడతలెన్నో లెక్కపెడితే తేడా ఎప్పుడూ రెండే. ఇది మాయెకావా సిద్ధాంతం. అదే బిందువు చుట్టూ ఉన్న కోణాల్ని ఒకటి విడిచి ఒకటి కూడితే 180 డిగ్రీలు. ఇది కవసాకి సిద్ధాంతం. పిల్లలు కోణమానినితో తామే తేల్చుకోగలరు.

ఓరిగామి మీద శాస్త్ర వార్తలు కూడా ఏటా వస్తూనే ఉన్నాయి. జపాను శాస్త్రవేత్త కోర్యో మియురా 1970లో ప్రతిపాదించిన మడత, ఒక్క లాగుతో తెరుచుకుని ఒక్క తోపుతో మూసుకుంటుంది. 1995లో జపాను అంతరిక్షంలోకి పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్‌లో దాన్ని ప్రయోగించారు. అదే మడత ఎంత బరువు మోస్తుందో పరీక్షించి న్యూయార్క్‌లో 14 ఏళ్ల విద్యార్థి 2025లో జాతీయ స్థాయి సైన్సు బహుమతి గెలుచుకున్నాడు. కాన్పూర్ ఐఐటీలో చదివి స్టాన్‌ఫర్డ్‌లో స్థిరపడ్డ మను ప్రకాశ్ బృందం 2014లో చూపిన ఫోల్డ్‌స్కోప్, కాగితం మడిచి చేసుకునే మైక్రోస్కోపు. చదును మడతలతో సిద్ధాంతరీత్యా కంప్యూటరే కట్టొచ్చని గణితవేత్తలు థామస్ హల్, ఇన్నా జఖరేవిచ్ 2023లో చూపారు. ఓరిగామి, శాస్త్రం, గణితం, విద్య మీద జరిగే అంతర్జాతీయ సదస్సు 1989లో ఇటలీలోని ఫెరారాలో మొదలై, ఎనిమిదోసారి 2024లో మెల్‌బోర్న్‌లో జరిగింది. ఇవి తెలిసి ఉండటం మంచిదే గానీ, అభిరుచి గలవాడు వీటికోసం కాగితం పట్టడు. నాసా పేరు చెప్పి ఓరిగామికి గౌరవం తెచ్చే వ్యాసాలు చూస్తే నాకు కొంచెం విసుగు.

కాగితం దగ్గరకొద్దాం, ఎక్కువమంది అడిగేది అదే. జపాను కాగితం తెప్పించుకుంటే తప్ప పని జరగదనుకోవడం అపోహ. మొదటి నెలలన్నీ ఏ4 కాగితంలోంచి కోసిన 21 సెంటీమీటర్ల చతురస్రం చాలు. కోత తేడా వస్తే మడత మడతకీ తప్పు పెరుగుతుంది కనుక ఇక్కడ మాత్రం బద్ధకించొద్దు. స్టేషనరీ షాపుల్లో దొరికే గ్లేజు కాగితం రంగుకి బాగుంటుంది కానీ మడతల దగ్గర రంగు లేచి తెల్లబడుతుంది. కఠినమైన బొమ్మలకు మన దగ్గరున్న రహస్యాయుధం పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపరు. పలచగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, చుట్టల్లో దొరుకుతుంది కాబట్టి అడుగున్నర చతురస్రం కూడా కోసుకోవచ్చు. ప్లాస్టిక్ పూత లేనిది చూసి కొనండి. గాలిపటాల కాగితం ఒక్కటే అయితే నిలబడదు. వంటింటి అల్యూమినియం రేకుకి రెండు వైపులా అలాంటి పలచని కాగితం అంటిస్తే పురుగుల కాళ్లకు కావాల్సినట్టు వంగి, వంచిన చోటే నిలుస్తుంది. విదేశాల్లో ఇంటి దగ్గర చేసుకునేది కూడా ఇదే పద్ధతి.

ఇక మన దేశం. ముంబయిలో ఓరిగామి మిత్ర అనే బృందం ఉంది. పుణేలో పనిచేసిన అరవింద్ గుప్తా కాగితం, చెత్త సామానుతో సైన్సు బొమ్మలు చేయించే పుస్తకాలెన్నో రాసి, భారతీయ భాషల్లో ఉచితంగా అందుబాటులో పెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తెలుగు పిల్లలకు కత్తి పడవ, రాకెట్టు, సిరాబుడ్డి ఎవరూ పుస్తకంలో చూపకుండానే వచ్చు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి. కిరాణా కొట్లో పొట్లం కట్టిన చేతులూ మడత తెలిసినవే. కొరత చేతుల్లో లేదు, అచ్చులో ఉంది.

అందుకని తెలుగులో పిల్లల పత్రికలు నడిపేవారికి, బడుల్లో చేతిపనులు చెప్పే టీచర్లకు ఒక మనవి. ‘కాగితంతో కుందేలు’ శీర్షిక పెట్టే ముందు ఒక నెల గుర్తుల పట్టిక వేయండి: లోయ మడత, కొండ మడత, తిప్పు, విప్పు, నొక్కు. పిల్లలు దాన్ని కత్తిరించి గోడకు అంటించుకునేలా వేయండి. ఆ తర్వాత వేసే ప్రతి బొమ్మ కిందా రూపకర్త పేరు, దేశం రాయండి. బతికున్నవారైతే ముందు అనుమతి అడగండి. మర్యాదగా ఉత్తరం రాసి, ఎక్కడ వాడుతున్నామో చెబితే సరేననే రూపకర్తలకు కొదవ లేదు.